పిచ్ ఎవరు చెప్పాలి: కోచా, క్యాచరా?

క్రికెట్‌లో ఒక సీన్ ఊహించుకోండి. బౌలర్ రనప్‌కి రెడీ. కానీ కీపర్ చూపు మాత్రం బ్యాటర్ మీద లేదు, బౌండరీ అవతల డగౌట్ మీద ఉంది. అక్కడ బంతుల బకెట్ మీద కూర్చున్న కోచ్ "రెండు, మూడు, ఒకటి" అని అరుస్తాడు. కీపర్ తన మణికట్టుకి కట్టుకున్న కార్డులో ఆ నంబర్ వెతుకుతాడు. 'యార్కర్, ఆఫ్ సైడ్' అని ఉంటుంది. దాన్ని వేళ్లతో బౌలర్‌కి చూపిస్తాడు. అప్పుడు పడుతుంది బంతి. మళ్లీ తర్వాతి బంతికి మొదట్నుంచీ ఇదే తంతు. వికెట్ల వెనక నుంచి కుల్‌దీప్‌కీ చాహల్‌కీ ఎక్కడ వేయాలో చెప్పిన ధోనీని ఇలా ఆడమంటే ఏమనేవాడో!

మనకి నవ్వులాటగా ఉన్న ఈ పద్ధతి అమెరికాలో అమ్మాయిల సాఫ్ట్‌బాల్‌లో మామూలు విషయం. పెద్దవాళ్ల మ్యాచుల్లోనే కాదు, పన్నెండేళ్ల పిల్లల మ్యాచుల్లో కూడా.

నేనుండేది టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో. వారమంతా కోడ్ రాయడం, శనివారం మా మేనకోడలి టీమ్‌కి గేమ్‌చేంజర్ యాప్‌లో స్కోరు కొట్టడం నా పని. అందులో ప్రతి పిచ్‌నీ విడిగా నొక్కాలి కాబట్టి, ఫోన్ చూసుకునే ఛాన్స్ ఉండదు, ఆటే చూడాలి. అలా చూస్తూ చూస్తూ నాకు ఒక అభిప్రాయం స్థిరపడింది. ప్రతి బంతీ కోచ్ చెప్పడం వల్ల ఈ వారం మ్యాచ్ గెలవచ్చేమో గానీ, ఆ పిల్లలు ఆటలో సగం నేర్చుకోకుండానే పెద్దవుతున్నారు. ఎందుకో చెప్తా.

ఆట నాలుగు ముక్కల్లో

ముందుగా ఒక మాట. ఇక్కడ పిచ్ అంటే 22 గజాల నేల కాదు. వేసే బంతినే పిచ్ అంటారు. వేసే అమ్మాయి పిచర్, ప్లేట్ వెనక గొంతుకూర్చుని పట్టే అమ్మాయి క్యాచర్. పిచర్ చేతిని గాలిమరలా గుండ్రంగా తిప్పి, తుంటి పక్క నుంచి అండర్‌ఆర్మ్‌గా బంతి వదులుతుంది. అది నేల తాకకుండా నేరుగా బ్యాటర్ దగ్గరికి రావాలి. మూడు స్ట్రైకులైతే బ్యాటర్ అవుట్, నాలుగు బాల్స్ అయితే ఊరికే ఫస్ట్ బేస్‌కి నడిచి వెళ్తుంది. స్కోరు చెప్పేటప్పుడు బాల్స్ ముందు, స్ట్రైకులు తర్వాత. అంటే 0-2 అంటే బ్యాటర్ చచ్చేంత కష్టంలో ఉంది, 3-0 అంటే పిచర్ కష్టంలో ఉంది.

1887లో షికాగోలో ఇండోర్ ఆటగా పుట్టిన ఈ సాఫ్ట్‌బాల్‌కి పేరులో తప్ప బంతిలో మెత్తదనం లేదు. వయసుని బట్టి కొలతలు మారతాయి. పదేళ్ల లోపు వాళ్లకి పిచింగ్ దూరం 35 అడుగులు, బంతి చుట్టుకొలత 11 అంగుళాలు. పన్నెండేళ్ల లోపు వాళ్లకి 40 అడుగులు, 12 అంగుళాల బంతి. పద్నాలుగు నుంచి హైస్కూల్, కాలేజీ దాకా 43 అడుగులు. మన స్కూల్ గేమ్స్‌లోనూ ఈ ఆట ఉంది కాబట్టి మీలో కొందరు ఆడే ఉంటారు.

కార్డు కథ

మణికట్టు కార్డు చూస్తే నాలాంటి వాళ్లకి ముచ్చటేస్తుంది. అది అచ్చంగా ఒక లుకప్ టేబుల్. కోచ్ మూడంకెల నంబర్ చెప్తాడు. ఆ గడిలో 'ఫాస్ట్‌బాల్, లోపల' అనో 'చేంజప్, కింద' అనో ఉంటుంది. ఒకే పిచ్ పది గడుల్లో ఉంటుంది కాబట్టి, అవతలి టీమ్ నంబర్లు విన్నా వాళ్లకి ఏమీ అర్థం కాదు. అనుమానం వస్తే ఇన్నింగ్స్ మధ్యలో కార్డు మార్చేస్తారు, మనం పాస్‌వర్డ్ మార్చినట్టు. పెద్ద స్థాయిలో ఇప్పుడు క్యాచర్ చెవిలో ఇయర్‌పీస్ పెట్టి నేరుగా చెప్పేదాకా వచ్చింది.

సెక్యూరిటీ పరంగా చూస్తే సూపర్. కానీ ఒక్క విషయం గమనించండి. క్యాచర్ కోచ్‌ని చూస్తుంది, కార్డు చూస్తుంది, పిచర్‌కి చూపిస్తుంది. ఈ మొత్తంలో ఎవర్ని చూడట్లేదు? తనకి రెండడుగుల దూరంలో నిలబడ్డ బ్యాటర్ని.

పదేళ్ల పిల్లకి 'కార్నర్' ఎందుకు?

ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు. 12 అంగుళాల చుట్టుకొలత ఉన్న బంతి అడ్డంగా నాలుగంగుళాలు కూడా ఉండదు. అంటే ప్లేట్ మీద పక్కపక్కన పేరిస్తే నాలుగున్నర బంతులు పడతాయి. అంత ఇరుకు జాగాలో 'బయటి అంచుకి ఒక బంతి అవతల వెయ్' అని కోచ్ చెప్తున్నాడు. వేసే పిల్లకేమో బంతి అడుగు అటు, అడుగు ఇటు పోతోంది.

ఇంజినీరింగ్ ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్ గుర్తుందా? మామూలు స్కేలుతో కొలిచి మిల్లీమీటర్‌లో వందో వంతు రాస్తే సార్ రికార్డు విసిరేసేవారు. ఇదీ అంతే. చేతికి లేని కచ్చితత్వాన్ని సిగ్నల్‌లో చెప్పి లాభం లేదు. పైగా నష్టం ఉంది. అంచుకి వేయబోతే బాల్ అవుతుంది. 1-0, 2-0 అవుతుంది. అప్పుడిక నడిమధ్యలో వేయక తప్పదు. బ్యాటర్‌కి కావాల్సింది అదే.

అందుకే పదేళ్ల లోపు పిల్లలకి నిజమైన వ్యూహం ఒక్కటే: మొదటి పిచ్ స్ట్రైక్. క్యాచర్ గ్లవ్‌ని ప్లేట్ నడుమ పెడితే చాలు, మిగతాది ఆ పిల్ల చేతివాటం చూసుకుంటుంది. 0-1తో మొదలైన బ్యాటర్‌కీ 1-0తో మొదలైన బ్యాటర్‌కీ ఆట తీరే వేరు. ఒకరు కంగారుగా ఆడతారు, ఇంకొకరు తమకి నచ్చిన బంతి కోసం ఆగుతారు. బేస్‌బాల్‌లో ఏళ్ల తరబడి పోగైన లెక్కలూ ఇదే చెప్తాయి.

పన్నెండు దగ్గరికి వచ్చేసరికి ప్లేట్‌ని లోపల, బయట అని రెండు సగాలు చేయొచ్చు. ఫాస్ట్‌బాల్, చేంజప్, వీలైతే డ్రాప్ బాల్. రెండు సగాలు, మూడు పిచ్‌లు, మొత్తం ఆరు ఆప్షన్లు. ఆ వయసుకి అది చాలా ఎక్కువ. రైజ్ బాల్, కర్వ్, స్క్రూ అని ఏడు పేర్లు కార్డు మీద రాసుకోవచ్చు, కానీ చాలామంది పిల్లల రైజ్ బాల్ బులెట్‌లా మెలి తిరుగుతూ నేరుగా వస్తుంది. కింది నుంచి పైకి బాగా వెనక్కి తిరిగితేనే అది మామూలు బంతి కన్నా తక్కువగా కిందికి దిగి, బ్యాటర్ కంటికి లేచినట్టు కనిపిస్తుంది. ఆ స్పిన్ లేకపోతే అది ఛాతీ ఎత్తులో వచ్చే లడ్డూ.

0.15 సెకన్ల వ్యాపారం

చిన్న లెక్క వేద్దాం. పన్నెండేళ్ల మంచి పిచర్ గంటకి 80 కిలోమీటర్ల వేగంతో వేస్తుందనుకోండి. గీత దగ్గర మొదలై ముందుకు దూకి వదులుతుంది కాబట్టి, బంతి నిజంగా ప్రయాణించేది 35 అడుగులే అనుకుందాం. సుమారు 0.48 సెకన్లు. అదే చేయి, అదే ఊపు, కానీ 61 కిలోమీటర్లతో చేంజప్ వేస్తే సుమారు 0.63 సెకన్లు. తేడా 0.15. రెప్ప వేసేంత సమయం. ఆ రెప్పపాటు ముందే బ్యాట్ తిరిగిపోతే బంతి దాని కిందుగా క్యాచర్ గ్లవ్‌లోకి వెళ్తుంది.

పిచ్ కాలింగ్ అంటే ఈ 0.15ని ఎప్పుడు ఖర్చు పెట్టాలో తెలియడం. ఇక్కడే చాలామంది కోచ్‌లు ఒక ప్యాటర్న్‌లో పడిపోతారు. రెండు స్ట్రైకులు రాగానే చేంజప్. ప్రతిసారీ. మూడో ఇన్నింగ్స్‌కల్లా అవతలి డగౌట్‌లో ఎనిమిదేళ్ల చెల్లెలు కూడా "ఇప్పుడు స్లో బాల్" అని చెప్పేస్తుంది. ఊహించిన చేంజప్ కన్నా తేలికైన బంతి ఆటలో లేదు.

గేమ్ థియరీ చదివిన వాళ్లకి ఇది తెలిసిన విషయమే. రాయి-కాగితం-కత్తెరలో ఎప్పుడూ రాయే చూపిస్తే ఓడిపోతాం. అలాగని అన్నీ సమానంగా కలిపేయమని కాదు. నీ ఫాస్ట్‌బాల్ బలమైనదైతే అదే ఎక్కువ వెయ్, కానీ చేంజప్ ఏ నిమిషంలోనైనా రావచ్చన్న భయం బ్యాటర్‌లో ఉంచు. మొదటి పిచ్‌కే ఒకసారి, 2-1 దగ్గర ఒకసారి. పోకర్ ఆడేవాళ్లు కొందరు వాచీలో సెకన్ల ముల్లు చూసి నిర్ణయం తీసుకుంటారట, తమ అలవాటు తమకే శత్రువు కాకుండా. మనిషి బుర్రకి రాండమ్‌గా ఉండటం చేతకాదు మరి.

బ్యాటర్ కంటికి అలవాటు పడనివ్వకపోవడం ఎంత ముఖ్యమో టోక్యో ఒలింపిక్స్ ఫైనల్ చూపించింది. 2021లో జరిగిన ఆ మ్యాచ్‌లో జపాన్ తరఫున కుడిచేతి వాటం యుకికో ఉయెనో మొదలుపెట్టింది. ఆరో ఇన్నింగ్స్‌లో ఎడమచేతి వాటం మియు గోటో వచ్చింది. ఏడో ఇన్నింగ్స్‌లో మళ్లీ ఉయెనో. సాఫ్ట్‌బాల్‌లో మొదట ఆడినవాళ్లు బయటికెళ్లి ఒకసారి తిరిగి రావచ్చు. అమెరికా మీద 2-0తో గోల్డ్. అప్పటికి ఉయెనో వయసు 39. ఇదే ఉయెనో 2008 బీజింగ్‌లో రెండు రోజుల్లో మూడు మ్యాచులు, 413 పిచ్‌లు వేసి అమెరికాని ఓడించింది. జపాన్‌లో ఆ 413 అనే నంబర్ ఇప్పటికీ చెప్పుకుంటారు.

బకెట్ మీంచి కనిపించనివి

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. డగౌట్ ఉండేది ఫస్ట్ బేస్ పక్కనో థర్డ్ బేస్ పక్కనో. అంటే కోచ్ ఆటని పక్క నుంచి చూస్తాడు. పక్క నుంచి చూస్తే బంతి ఎంత ఎత్తులో వచ్చిందో తెలుస్తుంది, వేగం తెలుస్తుంది. కానీ లోపలికి పడిందా, బయటికి పడిందా అన్నది సరిగ్గా తెలియదు. అది కనిపించేది ప్లేట్ వెనక నుంచే. మరి లోపల-బయట చెప్పే పని ఎవరిది అవ్వాలి?

క్యాచర్‌కి మాత్రమే దొరికే డేటా ఇంకా చాలా ఉంది.

పాదాలు. బ్యాటర్ ప్లేట్‌కి ఆనుకుని నిలబడితే లోపలికి వేయాలి, చేతులు చాపడానికి జాగా ఉండదు. దూరంగా నిలబడితే బయటికి. బాక్స్‌లో ముందుకి జరిగిందంటే డ్రాప్ బాల్ కిందికి దిగకముందే కొడదామని చూస్తోంది. అప్పుడు ఫాస్ట్‌బాల్ వేస్తే ఆమెకి ఉన్న సమయం ఇంకా తగ్గిపోతుంది. ఒక్కో పిచ్‌కీ మధ్యలో బ్యాటర్ అంగుళం అంగుళం జరుగుతుంటుంది. కార్డు చూస్తున్న క్యాచర్‌కి అది కనిపించదు.

ఫౌల్ ఎటు వెళ్లింది. కుడిచేతి బ్యాటర్ కొట్టిన ఫౌల్ ఫస్ట్ బేస్ వైపు వెళ్లిందంటే ఆలస్యంగా తిప్పింది. థర్డ్ బేస్ వైపు వెళ్లిందంటే తొందరపడింది. తొందరపడిన పిల్లకి చేంజప్ విషం. ఆలస్యమైన పిల్లకి అదే చేంజప్ అమృతం, ఎందుకంటే ఆమె బ్యాట్ వేగానికి సరిపోయే బంతిని మనమే పంపినట్టు. ఆలస్యమైన బ్యాటర్‌కి చేంజప్ వేయడం చిన్నపిల్లల సాఫ్ట్‌బాల్‌లో నేను తరచూ చూసే పొరపాటు. ఫాస్ట్‌బాల్ అందుకోలేకపోతోందా, ఇంకో ఫాస్ట్‌బాల్ వెయ్. అంతే.

అంపైర్. ఒక్కో అంపైర్‌కి ఒక్కో జోన్. ఈయన కింది బంతి ఇస్తాడు, పై బంతి ఇవ్వడు అన్నది రెండో ఇన్నింగ్స్‌కల్లా ఆయన ముందే కూర్చున్న పిల్లకి తెలిసిపోతుంది.

స్నేహితురాలు. అన్నిటికన్నా ముఖ్యం ఇది. ఇవాళ డ్రాప్ దిగట్లేదు, వేళ్లు జారుతున్నాయి, ఇందాక నడిచి వెళ్లిన బ్యాటర్ గురించే ఇంకా ఆలోచిస్తోంది, కళ్లల్లో నీళ్లున్నాయి. ఇది ఏ కార్డులోనూ ఉండదు. ఈ పరిస్థితిలో 'ఏది బెస్ట్ పిచ్' అన్న ప్రశ్నకి జవాబు 'ఆమె నమ్మకంగా వేయగలిగేది'. సగం మనసుతో వేసిన సరైన పిచ్ కన్నా పూర్తి మనసుతో వేసిన మామూలు పిచ్ మేలు.

కోచ్ వైపు నుంచి చూస్తే

కోచ్‌లు విలన్లేం కాదు. వాళ్ల వాదనలో బలముంది. పన్నెండేళ్ల క్యాచర్‌కి ఇప్పటికే చేతినిండా పని. బంతిని ఆపాలి, రన్నర్లని చూడాలి, ఎన్ని అవుట్లో గుర్తుపెట్టుకోవాలి. అవతలి బ్యాటర్లు పోయిన టోర్నమెంట్‌లో ఏం కొట్టారో కోచ్ దగ్గర నోట్స్ ఉంటాయి. కాలేజీలో కూడా చాలా టీముల్లో కోచే చెప్తాడు, ఇప్పటినుంచే అలవాటైతే మంచిదే కదా అంటారు.

ఇంకో వాదన ఇంకా నిజాయితీగా ఉంటుంది. పిల్ల చెప్పిన పిచ్‌ని అవతలివాళ్లు హోమ్ రన్ కొడితే, ఆ భారం పిల్ల మీద పడుతుంది. కోచ్ చెప్తే తిట్లు కోచ్‌కి. బ్లీచర్స్‌లో కూర్చున్న తల్లిదండ్రుల గొంతులు విన్నవాళ్లెవరూ ఈ మాటని కొట్టిపారేయలేరు.

కానీ దీనికి మందు నిర్ణయాన్ని పిల్ల చేతిలోంచి లాగేసుకోవడం కాదు, తిట్లు ఆపడం. ఆఫీసులో మనకి తెలియదా? ప్రతి లైనూ సీనియరే చెప్పి రాయించిన జూనియర్ మూడేళ్ల తర్వాత కూడా "ఇప్పుడేం చేయాలి?" అని అడుగుతూనే ఉంటాడు. టికెట్లు క్లోజవుతాయి, మనిషి ఎదగడు. నిర్ణయం తీసుకోవడం కూడా బంతి పట్టడంలాంటి విద్యే. ఆడకుండా రాదు.

ఇక్కడి తెలుగు ఇళ్ల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. మన పిల్లలకి కూచిపూడి క్లాసు ఎన్నింటికో, మ్యాథ్స్ ట్యూషన్ ఎన్నింటికో, ఏ కాలేజీకి అప్లై చేయాలో అన్నీ మనమే చెప్తాం. ప్రేమతోనే చెప్తాం. కానీ ఒక ఆడపిల్ల రోజు మొత్తంలో 'ఇది నా నిర్ణయం' అని చెప్పుకునే చోటు ఎక్కడుంది? ఆ చోటు ప్లేట్ వెనక ఉండొచ్చు. అక్కడ కూడా నంబర్లు అరిస్తే ఎలా?

చేతికి ఎలా ఇవ్వాలి

ఒక్కరోజులో తాళాలన్నీ ఇచ్చేయమని ఎవరూ అనట్లేదు. మెల్లగా ఇవ్వొచ్చు.

ముందు ప్రాక్టీస్ మ్యాచుల్లో పూర్తిగా క్యాచరే చెప్పాలి. అక్కడ ఓడితే పోయేదేం లేదు. తర్వాత అసలు మ్యాచ్‌లో ఒక ఇన్నింగ్స్. ఆ తర్వాత ప్రతి ఇన్నింగ్స్‌లో మొదటి బ్యాటర్, లేదా బ్యాటింగ్ ఆర్డర్‌లో చివరి ముగ్గురు. బేసులు నిండి, స్కోరు టై అయినప్పుడు కోచ్ తీసుకోవచ్చు, తప్పులేదు. 14 ఏళ్ల గ్రూపుకి వచ్చేసరికి ఇది తిరగబడాలి: మామూలుగా క్యాచర్, అవసరమైతే కోచ్.

పిచర్‌కి తల అడ్డంగా ఊపే హక్కు ఉండాలి. క్యాచర్ చేంజప్ అడిగితే 'వద్దు' అని చెప్పగలగాలి. పన్నెండేళ్ల ఇద్దరు పిల్లలు మాటల్లేకుండా, నలభై అడుగుల దూరం నుంచి, ఒకరినొకరు ఒప్పించుకోవడం ఎంత పెద్ద విద్యో ఆలోచించండి. మా మీటింగుల్లో ముప్పై ఏళ్ల వాళ్లకే అది రాదు.

ఇన్నింగ్స్ అయ్యాక కోచ్ ఒక్క ప్రశ్న అడగాలి. "ఎందుకు చేంజప్ చెప్పావ్?" అన్న మాటే రెండు రకాలుగా అడగొచ్చు. ఒకటి విచారణ, ఒకటి ఆసక్తి. పిల్లలకి ఆ తేడా గొంతులోనే తెలిసిపోతుంది. పిల్ల "ఆమె ముందే ఊపుతోంది కోచ్" అని చెప్పిందంటే, బంతి హోమ్ రన్ అయినా సరే, ఆ ఇన్నింగ్స్ వృథా పోలేదు. కారణం సరైనదైతే ఫలితం ఒక్కోసారి తేడా కొట్టినా, వంద పిచ్‌లయ్యేసరికి లెక్క సరిపోతుంది. కారణమే లేకుండా మంచి ఫలితం వచ్చిన రోజే ఎక్కువ కంగారుపడాలి.

2028లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కి సాఫ్ట్‌బాల్ తిరిగొస్తోంది, మన క్రికెట్‌తో పాటే. టీవీలో చూసేటప్పుడు ఒక్కసారి పిచర్ని వదిలేసి క్యాచర్ కళ్లెటున్నాయో చూడండి. డగౌట్ వైపా, బ్యాటర్ పాదాల వైపా?

ఇక మీ ఇంట్లో ఆడే పిల్ల ఉంటే, మ్యాచ్ అయ్యాక కారులో "ఆ బాల్ ఎందుకలా వేశారు?" అని మొదలుపెట్టకండి. "ఆ నాలుగో బ్యాటర్ దగ్గర నీకేం కనిపించింది?" అని అడిగి చూడండి. ఇల్లు చేరేదాకా చెప్తూనే ఉంటుంది.